కళ్ళు దిద్దకుండా వెళ్లిపోయిన రాజు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే. "మేడం, మీరు ఆ ఎడారికి ఎన్నిసార్లు వెళ్లారు?" ఒక్కసారి కూడా వెళ్లలేదు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ గచ్చిబౌలిలో ఒక అద్దాల భవనం నాలుగో అంతస్తులోనే కూర్చున్నాను. కింద ఆఫీసు బస్సుల హారన్లు, పక్క గదిలో కాల్ సెంటర్ పిల్లల ఇంగ్లీషు, మా తెర మీద మాత్రం వేల ఏళ్ల కిందటి ఇసుక. మా పనే అది. అరేబియా ఎడారిలో ఒక పాత రాజ్యాన్ని తవ్వుతున్న బృందం అక్కడ బయటపడ్డ విగ్రహాలు, బలిపీఠాలు, శాసనపు రాళ్ల ఫొటోలు మాకు పంపేది. మేం వాటిని కొలతల ప్రకారం బొమ్మలుగా గీసి పంపేవాళ్లం. ఆ బొమ్మలే వాళ్ల నివేదికల్లోకి, పుస్తకాల్లోకి ఎక్కేవి. ఆ రాజ్యం పేరు, అక్కడి రాజుల పేర్లు ఇక్కడ రాయను. పనిలో చేరినప్పుడు ఇచ్చిన మాట అది. సాంబ్రాణి మూటలు మోసుకుంటూ ఒంటెలు నడిచిన దారిలో ఉన్న రాజ్యం అని మాత్రం చెప్పగలను. రోజూ పొద్దున దేవుడి దగ్గర సాంబ్రాణి వేసి, ఆ తరువాత ఆ సాంబ్రాణి మీద బతికిన రాజుల ముఖాలు గీయడానికి వెళ్లేదాన్ని. ఇంతకంటే చక్కని ఉద్యోగం నాకు ఇంకెక్కడ దొరికేది?

ఫొటో ఉండగా బొమ్మ ఎందుకని కూడా అడుగుతారు. ఫొటోలో ముందు కనిపించేది ఆ వేళకు పడ్డ ఎండ. మనకు కావలసింది రాయి. ఇసుకగాలికి అరిగిపోయిన గీత ఒక పక్క వెలుగులో కనిపిస్తుంది, మరో పక్క వెలుగులో మాయమవుతుంది. పది రకాల వెలుగుల్లో తీసిన ఫొటోలు ముందు పెట్టుకుని, ఏది గీత, ఏది నీడ, ఏది పగులు అని తేల్చి ఒకే బొమ్మలోకి తేవాలి. అందుకే పండితులు మన బొమ్మను నమ్ముతారు. ఆ నమ్మకం ఎంత బరువో నాకు అర్థమైన సంగతి రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

నా చదువు

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. సిద్దిపేటలో మా ఇంటి నుంచి బడి దాకా నడిస్తే ఊపిరి అందేది కాదు. అమ్మ ఇంట్లోనే చదువు చెప్పింది. నాన్న నీటిపారుదల ఆఫీసులో కాలువల నక్షాలకు నకళ్లు తీసేవారు. ఆయన తెచ్చే పారదర్శక కాగితం ముక్కల మీద నేను గీతలు నేర్చుకున్నాను. పరీక్షలన్నీ ప్రైవేటుగానే కట్టాను. బడికి పోలేదన్న దిగులు నాకు ఎన్నడూ లేదు. ఇంట్లో కూర్చుని ఒకే వస్తువును గంటల తరబడి చూడటం నాకు అలవాటైంది, తరువాత నాకు అన్నం పెట్టింది ఆ అలవాటే. ఆ జబ్బును కూడా తలుచుకుని దేవుడికి దండం పెట్టుకుంటాను.

రాఘవరావు గారి మాట

మా ఆఫీసు నడిపింది రాఘవరావు గారు, భీమవరం వైపు మనిషి. మాట మెత్తన, లెక్క గట్టి. చేరిన కొత్తలో ఆయన నాకు నేర్పింది ఒకే ఒక్క నియమం. "సుగుణ గారూ, మీకు కనిపించింది గీయండి. మీకు తెలిసింది గీయకండి."

ఈ మాట నాకు ఎందుకు చెప్పవలసి వచ్చిందో కూడా రాస్తాను. ఒకసారి ఎడారి గుడిలోంచి ఒక రాతిపీఠం ఫొటో వచ్చింది. పైన గుంట, ఒక పక్కకు నీళ్లు జారే మూతి. చూడగానే నాకు శివాలయంలో పానవట్టం గుర్తొచ్చింది. అభిషేకజలం పోయే వైపు ఉత్తరం కదా, నా చేయి నన్నడగకుండానే ఆ మూతిని ఉత్తరానికి తిప్పి గీసేసింది. రాఘవరావు గారు బొమ్మ చూసి కళ్లజోడు తీశారు.

"ఫొటోలో ఉత్తరం చూపే బాణం గుర్తు చూశారా అండీ?"

"చూశాను సార్."

"మూతి ఎటుంది?"

"పడమర."

"మరి ఉత్తరానికి ఎవరు తిప్పారండీ, ఆ రాజుగారా, మీ పూజారిగారా?"

గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. భక్తి ఉన్నవాళ్లకు ఈ పనిలో ఒక మేలుంది, ఒక చిక్కుంది. గుడి అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది, అది మేలు. అన్ని గుళ్లూ మన గుడిలాగే కనిపిస్తాయి, అది చిక్కు. బొమ్మ గీసేటప్పుడు భక్తిని మానుకోమని నేను చెప్పను. చేయి మాత్రం ఫొటో మీద ఉండాలి.

రాజులు ఎందుకు నిలబడ్డారు

ఆ రాజ్యపు రాజుల విగ్రహాలు మనిషికంటే ఎత్తు. కాళ్లు దగ్గరగా పెట్టి, చేతులు పక్కల వెంట కిందికి చాచి, గుడి లోపల వరసగా నిలబడి ఉంటాయి. మొదట్లో పండితులు కొందరు వాటిని దేవుళ్లన్నారట. శాసనాల్లో మాత్రం ముందు దేవుడి పేరు, తరువాత రాజు పేరు, రాజు ఆ దేవుడికి ఏం సమర్పించాడో, ఏం కోరుకున్నాడో ఉంటుంది. తిరుమల గుళ్లోకి వెళ్లగానే చేతులు జోడించి నిలబడ్డ రాజును, రాణులను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రాజు రోజూ గుడికి రాలేడు. అతని బదులు రాయి నిలబడుతుంది. రాజ్యం పోయినా నిలబడే ఉంటుంది.

రాచరికం గురించి నేను నేర్చుకున్నదంతా ఇంతే. ఎంత పెద్ద రాజైనా తనకంటే పెద్దవాడి ముందు నిలబడ్డట్టు చూపించుకుంటేనే జనం అతన్ని రాజుగా ఒప్పుకున్నారు. గుడి ఒప్పుకోని రాజు రాజు కాదు. మా ఆఫీసులో జరిగిన పొరపాటు సరిగ్గా ఇక్కడే తగిలింది.

శ్రీశైలం పద్ధతి

మా గదిలో అందరికంటే మంచి చేయి శ్రీశైలానిది. నార్సింగి వాళ్లది. ఇప్పుడు టవర్లు లేచిన చోట వాళ్ల నాన్న కట్టెతో పోచమ్మ, మైసమ్మ విగ్రహాలు చెక్కేవాడు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. విగ్రహమంతా పూర్తయ్యాకే కళ్ళు దిద్దాలి. పొద్దున తలస్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకముందే దిద్దాలి. కళ్ళు దిద్దితేనే ప్రాణం వచ్చినట్టు. శ్రీశైలం బొమ్మల కాలేజీలో చదివి, తెర మీద గీసే పలక చేతపట్టినా ఆ పద్ధతి వదల్లేదు. ఎడారి రాజుల ముఖాలు గీసేటప్పుడు ముక్కు, పెదవులు, గడ్డం అన్నీ పూర్తి చేసి కళ్ళు మర్నాటికి ఆపేవాడు. మర్నాడు రాగానే బ్యాగు కూడా దించకుండా వాటిని దిద్ది, ఆ తరువాత, "ఆఁ, ఇగ చాయ్ తాగుదాం పాండ్రి" అనేవాడు. కొత్తవాళ్లు ఆటపట్టించేవాళ్లు. "శ్రీశైలమన్నా, ఇయ్యాల మంగళవారం, రాజుకు కండ్లు పెట్టొచ్చా?" అతను పట్టించుకునేవాడు కాదు. పని ఒక్క పూట ఆగేది, అంతే. రాఘవరావు గారికీ తెలుసు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఒక ఉగాది ముందు అతను ఒక రాజు విగ్రహం గీశాడు. ముఖం బాగా అరిగిపోయింది. కళ్ళు ఉన్నాయంటే ఉన్నాయి, వెంట్రుకవాసి గీతలు. పక్కవెలుగులో తీసిన ఒక్క ఫొటోలో తప్ప కనపడవు. అన్నీ గీసి, అమావాస్య దాటాక దిద్దుదామని ఆపాడు. ఈలోగా వాళ్ల పెదనాన్న పోయాడు. అంటు వచ్చింది. అంటులో కళ్ళు దిద్దకూడదు. అతను నార్సింగిలో ఉండిపోయాడు. నేను శ్రీరామనవమి కల్యాణం చూడటానికి భద్రాచలం వెళ్లాను. బొమ్మలు పంపేముందు సరిచూసే పని నాది. అదే సమయంలో తవ్వకం బృందం మిగిలిన బొమ్మలన్నీ వెంటనే కావాలని అడిగితే, రాఘవరావు గారు కంప్యూటర్లో ఉన్నవన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపేశారు. వాటిలో ఆ రాజు కూడా వెళ్లిపోయాడు, కళ్ళు లేకుండా.

హనాన్ అధ్యాయం

హనాన్ ఆ దేశపు అమ్మాయే, తవ్వకం బృందంలో పరిశోధన చేస్తోంది. బొమ్మల గురించి అడగడానికి మాతో తరచు మాట్లాడేది. నన్ను "సిస్టర్ సుగుణ" అనేది. ఏడాది దాటాక ఒకరోజు ఆమె తను రాస్తున్న పరిశోధన పుస్తకంలోని ఒక భాగం పంపి, అందులోని ఒక విగ్రహం బొమ్మను మ్యూజియం గోడకు సరిపడేంత పెద్దదిగా గీసిమ్మని అడిగింది. ఆ భాగం పేరు 'కళ్ళు లేని రాజు'.

నేను చదువుతూ పోయాను. మిగతా రాజులందరికీ కళ్ళున్నాయి. ఈ ఒక్కడికే లేవు. అంటే చెక్కినవాళ్లు కావాలనే ఆపేశారు. అంటే గుడి పూజారులు ఇతన్ని రాజుగా ఒప్పుకోలేదు, దేవుడి ముందు చూపు ఇవ్వలేదు. చాలా అందంగా రాసింది. విగ్రహాన్ని మాత్రం తను చూడలేదు. అది తవ్విన ఏడాదే పెట్టెలో సర్దేసి, దూరంగా ఉన్న గోదాములో పెట్టేశారు. ఆమె చేతిలో ఉన్నది ముఖం నీడలో పడ్డ ఒక ఫొటో, మా బొమ్మ. నెల తిరగకుండానే పెద్ద సభలో దీని మీదే మాట్లాడబోతోంది.

నేను తెలుగులో పైకి చదువుతుంటే శ్రీశైలం కుర్చీ తిప్పి చూశాడు.

"అక్కా, గా రాజుకు కండ్లున్నయి."

"ఏందీ?"

"ఉన్నయక్కా. నేనే దిద్దలే. పెదనాయన పోయిండు గద, అంటుల ఎట్ల దిద్దుత? వచ్చినంక చేద్దమనుకున్న. వచ్చేటాలకు గా పని అయిపోయిందని ఇంకోటి చేతుల పెట్టిండ్రు."

"మరి చెప్పాలె గద తమ్మీ."

"మీరు చూసి దిద్దించిండ్రేమో అనుకున్న."

ఇద్దరం ఆ పాత ఫొటో తెరిచాం. ఉన్నాయి. సన్నగా, బాదం గింజల్లా రెండు కళ్ళు. రాజు మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు.

రాఘవరావు గారి గదిలో

ఆయన మొత్తం విన్నారు. తలుపు దగ్గరగా వేయమన్నారు.

"ఇప్పుడు చెబితే ఆ అమ్మాయి చదువు ఏమవుతుందండీ? పాపం, దాని మీదే ఉంది కదా."

"చెప్పకపోతే ఏమవుతుంది సార్?"

"పెద్ద బొమ్మలోనూ కళ్ళు లేకుండానే ఇచ్చేద్దాం. అరిగిపోయిన కళ్ళేగా. ఎవరు వెళ్లి చూస్తారు?"

ఆయనే మళ్లీ అన్నారు. "లేదా నిజం చెబుదాం. కానీ మనం చర్య తీసుకున్నట్టు కనపడాలి. మా మనిషి పొరపాటు, అతన్ని మానిపించేశాం అని. లేకపోతే ఈ పని ఇంకో ఆఫీసుకు పోతుందండీ. ఇక్కడ ఇంతమంది ఉన్నారు."

ఆయన్ని చెడ్డవాడని నేను ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఇంతమంది జీతాలు తలకెత్తుకున్నవాళ్లకు ఇలాంటి ఆలోచనలే ముందు వస్తాయి. ఆయన నన్ను తిడతారని తెలిసే అన్నాను.

"కనిపించింది గీయమన్నది మీరే సార్. శ్రీశైలం తనకు తెలిసింది గీయలేదు. కనిపించింది గీయకుండా ఆపాడు, పూర్తి కాకుండానే అది ఇక్కడి నుంచి వెళ్లింది. దానికి అతన్నొక్కణ్ణే మానిపిస్తే, పూర్తికాని బొమ్మను ఎవరు పంపారని ఆ అమ్మాయి అడుగుతుంది."

ఆయన కిటికీలోంచి కింద బస్సులను చూశారు. "మీరు ఇంట్లో చదువుకున్నారంటారు గానీ, లాయరు దగ్గర చదివినట్టున్నారండీ," అన్నారు. తరువాత, "ఫోన్ కలపండి. నేనూ కూర్చుంటాను," అన్నారు.

ఆ ఫోను

మధ్యాహ్నం వేళ. తెర మీద హనాన్ నవ్వుతూ వచ్చింది. పెద్ద బొమ్మ తయారైందనుకుంది. నాకొచ్చిన ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె నవ్వు పోయింది.

"ఒక మనిషి ఇంట్లో ఎవరో చనిపోయారు," అంది నెమ్మదిగా. "దానికీ నా రాజు కళ్ళకీ ఏమిటి సంబంధం?"

నేను చెప్పబోతుంటే శ్రీశైలం ముందుకు జరిగాడు. "అక్కా, నేను చెప్త, నువ్వు ఇంగ్లీషుల చెప్పు. మేడం, కండ్లు దిద్దితే పానం వస్తది. సావు ఇంట్లకెళ్లి వచ్చి పానం ఎట్ల పోస్త?"

చెప్పాను. హనాన్‌కు కోపం తగ్గలేదు. "కాగితం మీది బొమ్మకు కూడా ప్రాణమా?"

"కాగితం మీదిదే మేడం నాది," అన్నాడు శ్రీశైలం. "రాయికి ఎవరో ఎప్పుడో దిద్దిండ్రు గద. గది నా పని గాదు."

అదీ ఇంగ్లీషులో చెప్పాను. రాఘవరావు గారు తెర ముందుకు జరిగి, కళ్ళు లేని బొమ్మను పంపింది తనేనని, తప్పు ఆఫీసుదని అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. హనాన్ ఫోన్ పెట్టేసింది.

కొన్నాళ్లు ఏ కబురూ లేదు. ఆఫీసులో కొత్త పనీ రాలేదు. శ్రీశైలం పొద్దున్నే వచ్చి పాత బొమ్మలన్నీ ఒక్కొక్కటే తెరిచి ఏవైనా మిగిలాయేమోనని వెతికేవాడు. "అక్కా, నన్ను తీసేస్తే పరవాలే. ఆ పోరి సంగతే పరేషాన్ చేస్తంది," అన్నాడొకసారి. నేను రోజూ మియాపూర్ నుంచి బస్సులో సహస్రనామం చదువుకుంటూ వస్తూ, చివర ఒక నామం ఆ అమ్మాయి పేర తలిచేదాన్ని. ఆమె దేవుడు వేరు. విన్నవాడు ఎవరైనా సరేననుకున్నాను.

గోదాములో

మళ్లీ ఫోన్ చేసినప్పుడు హనాన్ ఇంట్లో లేదు. వెనక ఇనుప అరలు, చెక్కపెట్టెలు. తలమీది గుడ్డ నిండా దుమ్ము. గోదాముకు వెళ్లడానికి అనుమతి తీసుకుని, పెట్టె తెరిపించింది.

"మీ మాట నమ్మి మార్చేస్తే మళ్లీ అదే తప్పు," అంది. "అందుకే వచ్చాను." ఫోన్ ఎవరి చేతికో ఇచ్చి, టార్చి పట్టుకుని విగ్రహం పక్కకు వెళ్లింది. ఎదురుగా వెలుగు వేస్తే ముఖం నున్నగా, ఏమీ లేనట్టే ఉంది. టార్చిని చెవి పక్కకు తెచ్చి మెల్లగా తిప్పింది. ఒక కన్ను లేచింది, తరువాత రెండోది.

హనాన్ టార్చి దించలేదు. అలాగే పట్టుకుని, ఆ ముఖాన్ని చూస్తూ, "ఇతనూ మిగతా రాజుల్లాంటి రాజే. గుడి ఒప్పుకున్న రాజే. నేనే ఒప్పుకోలేదు," అంది. తరువాత మావైపు తిరిగి, "సభలో ఇది చెబుతాను. నా ముందు మాట్లాడేవాళ్లంతా దొరికినవి చెబుతారు. నేను పోయింది చెబుతాను," అంది. ఆ మాటలో ఏడుపు లేదు. అలసట ఉంది.

రాఘవరావు గారు మెల్లగా అడిగారు, "మా శ్రీశైలం విషయం...?"

"అతనే గీయాలి," అంది హనాన్. "ఎప్పుడు దిద్దాలనిపిస్తే అప్పుడే దిద్దనివ్వండి. దిద్దని చోట మాత్రం 'ఇంకా గీయలేదు' అని రాయమనండి."

మీరు ఈ పనిలోకి వస్తే ఇదొక్కటి గుర్తుంచుకోండి. మన బొమ్మలో ఖాళీ కూడా మాట్లాడుతుంది. చదివేవాళ్లు ఆ ఖాళీని రాతిలో ఉన్న ఖాళీ అనుకుంటారు. ఉన్నది ఉందని చెప్పడానికి ఒక మంచి ఫొటో చాలు. లేనిది లేదని చెప్పాలంటే ఎవరో ఒకరు వెళ్లి టార్చి పట్టుకుని చూడాలి. పూర్తికానిదాని మీద పూర్తికాలేదని రాయడానికి సిగ్గుపడకండి. మీ పద్ధతులు మీరు ఉంచుకోండి, అవతలివాళ్లకు తెలియజేయండి.

ఆ పెద్ద బొమ్మను శ్రీశైలం మళ్లీ గీశాడు. కళ్ళు మర్నాడు పొద్దున దిద్దాడు. ఆ రోజు అతన్ని ఎవరూ ఆటపట్టించలేదు.

హనాన్ పుస్తకం పూర్తవడానికి ఆమె అనుకున్నదానికంటే చాలా కాలం పట్టింది. నేను ఉద్యోగం మానేముందు దాని ప్రతి ఒకటి మాకు పంపింది. వెతికి చూశాను. 'కళ్ళు లేని రాజు' భాగం మొత్తం పోయింది. ఎన్నో పేజీలు ఉన్న చోట బొమ్మ కింద ఒక్క వాక్యమే ఉంది. దాన్ని తెలుగులో చెప్పమని శ్రీశైలం అడిగితే, గదిలో అందరూ వినేలా చదివాను: "ఈ రాజుకు కళ్ళున్నాయి, మిగతా రాజుల్లాగే ఇతనూ తన దేవుణ్ణి చూస్తూ నిలబడ్డాడు."